బరువు మీదే బిగించాలి!

ఆదివారం పొద్దున. ఆదోనిలో ఓ ఇంటి ముందు పాత మారుతీ ఓమ్ని. పక్కన గోనెసంచి పరిచి, దాని మీద వరసగా పానాలు, సుత్తి, జాకీ. కొత్త కమాన్ కట్టలు రెండు. వాటి ఎదురుగా గొంతుక్కూచున్న ఇంటాయన.

ఆయన మెకానిక్కేం కాదు. పత్తి కమీషన్ దుకాణంలో గుమస్తా. వారమంతా తూకం చీటీలు, పద్దు పుస్తకాలు. ఆదివారం వచ్చిందంటే మాత్రం చేతులు ఊరుకోవు. ఫ్యాను బేరింగు మార్చాడు. బోరు మోటారు విప్పి మళ్లీ బిగించాడు. ఇక మిగిలింది వ్యానే! పేరు ఏదైనా అనుకోండి. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఇలాంటి ఇల్లు వీధికొకటి ఉంటుంది.

వ్యానుకు వచ్చిన జబ్బు ఏమిటంటే... వెనకభాగం కూచుండిపోయింది. అత్తగారి ఊరు ఎమ్మిగనూరు. సుమారు ముప్పై కిలోమీటర్ల దారి. కిందటిసారి ఆరుగురు ఎక్కి, రెండు బియ్యం సంచులు వేసుకుని వెళుతుంటే ప్రతి గుంతలోనూ 'దబ్' మని శబ్దం. రాత్రి తిరిగి వస్తుంటే ఎదురొచ్చే ప్రతి లారీవాడూ లైట్లు కొట్టి తిట్టుకుంటూ పోయాడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. వెనక కుంగితే ముందుభాగం పైకి లేస్తుంది. హెడ్‌లైట్లు రోడ్డును వదిలి ఎదుటివాడి కళ్లలోకి చూస్తాయి! అంటే కమాను కూచుంటే నడుం నొప్పి మనకు, ప్రమాదం ఎదుటివాడికి కూడా.

వచ్చేవారం ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర. ఈలోపు బండి బాగుపడాలి. షెడ్డులో వదిలితే ఎప్పుడిస్తారో తెలీదు. 'నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడమే కదా!' అనుకున్నాడు ఇంటాయన.

అక్కడే ఉంది అసలు సంగతి.

ఒక్క తోపు!

జాకీని సరిగ్గా వెనక యాక్సిల్ మధ్యలో, గుండ్రంగా ఉబ్బి ఉండే భాగం కింద పెట్టాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. గేరులో వేశాడు. రెండు వెనక చక్రాలూ గాల్లోకి లేచాయి. ఆయన వెల్లకిలా పడుకుని, తల కిందకు దూర్చబోతుండగా పక్కవీధి మేస్త్రీ వచ్చాడు. నలభై ఏళ్లు పత్తి లారీల కింద పడుకున్న మనిషి. ఇప్పుడు షెడ్డు కొడుకుకి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"కమాన్లు మారుస్తాండా మేస్త్రీ."

"మంచిదే. ఒక్కసారి బయటికి రా. అమ్మా, పిల్లల్ని కూడా అరుగు మీదికి ఎక్కించు."

అందరూ దూరంగా జరిగాక మేస్త్రీ బండి వెనక నిలబడి భుజంతో ఒక్క తోపు తోశాడు. వ్యాను ముందుకు కదిలింది. జాకీ పక్కకు ఒరిగింది. నున్నటి నాపరాళ్ల మీద అది సర్రున జారడం, బండి వెనకభాగం దభీమని కింద పడడం ఒకేసారి జరిగాయి. ఇంటావిడ చేతిలోని కాఫీ గ్లాసు కింద పడింది. ఆమె నోట మాట రాలేదు. క్షణం కిందటి వరకు ఆ జాగాలోకే దూరబోయింది తన భర్త తల.

"హ్యాండ్ బ్రేకు ఏ చక్రాల్ని పట్టుకుంటాది?" అడిగాడు మేస్త్రీ.

"వెనక చక్రాల్ని."

"గేరు?"

ఇంటాయన కాస్త ఆలోచించాడు. "ఈ బండికి ఇంజను తిప్పేది వెనక చక్రాల్నే కదా. గేరు కూడా వాటినే పట్టుకోవాల."

"ఆ రెండూ గాల్లోకి లేపినావు. ఇంక బండిని పట్టుకునేది ఎవరప్పా?"

జవాబు లేదు. ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టిన రాయి గానీ చెక్క గానీ లేదు. వెనక చక్రాలకు ఇంజను శక్తి అందే ఏ బండికైనా ఇదే లెక్క. జాకీ బండిని లేపడానికే. నిలబెట్టడానికి కాదు. లేపాక బరువును తీసి స్టాండ్ల మీద పెట్టాలి. అప్పుడే మనిషి కిందకు వెళ్లాలి.

జట్కా నుంచి ఓమ్ని దాకా

ఇంతకీ ఈ కమాన్ కట్ట అంటే ఏమిటి? వంచిన ఉక్కు పట్టీలను పొడుగుది పైన, పొట్టివి కింద పేర్చి మధ్యలో ఒక బోల్టుతో బిగించిన కట్ట. పొడుగు పట్టీ రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. వాటిని 'కన్ను' అంటారు. వెనక ఇరుసుకు ఈ కట్టను యు బోల్టులతో బిగిస్తారు. ముందు కన్నును నేరుగా బండి అడుగుకు తగిలిస్తారు. వెనక కన్నును మాత్రం 'షాకిల్' అనే ఊగే ముక్కకు తగిలిస్తారు. ఎందుకంటే బరువు పడ్డప్పుడు వంపు తగ్గి కట్ట పొడుగవుతుంది. రెండు కొసలూ కదలకుండా బిగిస్తే ఆ పొడుగు ఎక్కడికి పోతుంది?

ఇది కార్లతో పుట్టింది కాదు. 1804లో ఇంగ్లండులో ఒబదయా ఇలియట్ అనే బండ్ల తయారీదారు గుర్రపు బగ్గీల కోసం ఇలాంటి ఉక్కు కమానుకు పేటెంటు పొందాడు. మన ఊళ్లలో తిరిగిన జట్కాల కిందా ఇవే ఊగేవి. 1950ల చివర్లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కూ వెనక కమాన్లే. 1984లో వచ్చిన మారుతీ వ్యాను తర్వాత ఓమ్ని అయ్యింది. 2019లో తయారీ ఆగింది. దానికీ వెనక కమాన్లే. బొలెరోకూ అవే. బరువు మోయాలంటే ఇంతకంటే చవకైన, మొండి ఏర్పాటు మరోటి లేదు మరి!

"మా పాఠంలో ఉంది నాన్నా" అంది ఇంటర్ చదివే అమ్మాయి. "హుక్ సూత్రం!" అవును. స్ప్రింగు మీద ఎంత బరువు పెడితే దానికి తగినట్టే వంగుతుందని రాబర్ట్ హుక్ 1678లో వివరంగా రాశాడు. బరువు తీసేస్తే మళ్లీ మునుపటిలా లేవాలి. కానీ ఏళ్ల తరబడి మోయగలిగినదానికి మించి వేస్తే ఉక్కు అలసిపోతుంది. లేవడం మానేస్తుంది. దాన్నే 'కమాను కూచుంది' అంటారు.

ఈ ప్రాంతంలో అది త్వరగా కూచోవడానికి నేల కూడా కారణం. ఆదోని చుట్టూ నల్లరేగడి. పత్తికి బంగారం, రోడ్డుకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైన ఎంత తారు పోసినా కింద నేల ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉంటే రోడ్డు అలలు తిరుగుతుంది. ఒక్కో అలకీ కమాను ఓ దండం పెడుతుంది.

తప్పు మందు

ఇంకో సంగతి. కిందటి నెలలోనే ఇంటాయన కొత్త షాక్ అబ్జార్బర్లు కొన్నాడు. వేసినా బండి లేవలేదు. దుకాణంవాడు మోసం చేశాడనుకున్నాడు. మోసం లేదు, జబ్బు ఒకటైతే మందు ఇంకోటి!

బరువు మోసేది కమాను. షాక్ అబ్జార్బర్ చేసే పని వేరు. గుంతలో పడ్డాక కమాను ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకు. బండి ఒక పక్కకు ఒరిగినా, వెనక కుంగినా, కిర్రుకిర్రుమన్నా కమానునో బుష్‌నో అనుమానించాలి. గుంత దాటాక బండి రెండు మూడుసార్లు తేలితే, షాకు ఒంటి మీద నూనె కారితే అప్పుడు షాకును అనుమానించాలి. బండి మూలను గట్టిగా కిందకు నొక్కి వదిలితే పైకి లేచి నిలబడాలి. ఉయ్యాల ఊగితే షాకు పని అయిపోయినట్టే.

కమాను జబ్బు తెలుసుకోవడానికి ఓ టేపు చాలు. ఖాళీ బండిని చదును నేల మీద ఆపి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవాలి. అమ్మాయి కొలిచింది. ఎడమవైపు వేలెడు తక్కువ ఉంది.

"ఎడమ పక్కది మార్చితే చాలు కదా?" అంది ఇంటావిడ, ఖర్చు గుర్తొచ్చి.

"ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాతది వేసుకుంటే ఎట్లుంటాదమ్మా? ఎప్పుడు మార్చినా జతే" అన్నాడు మేస్త్రీ.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి పని వరసగా సాగింది. బండిని నాపరాళ్ల మీద నుంచి గట్టి సిమెంటు నేల మీదకు మార్చారు. ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు. వెనక చక్రాల నట్లు నేల మీద ఉండగానే అరచుట్టు వదులు చేశారు. గాల్లో లేచాక లాగితే బండి ఊగుతుంది కదా! జాకీ కింద వెడల్పాటి పలక. బండి లేచాక కమాను ముందు కొస కంటే ముందు, అడుగు చట్రం గట్టిగా ఉన్నచోట రెండు పక్కలా మేస్త్రీ షెడ్డు నుంచి తెచ్చిన ఇనప స్టాండ్లు. ఇటుకలు పేరుస్తామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్ల మీదకు బరువు దించాక బండిని అటూ ఇటూ ఊపి చూశారు. కదల్లేదు. తీసిన చక్రాలను కూడా అడుగునే పడుకోబెట్టారు. ఏదైనా తప్పినా అవి ఆపుతాయి.

తర్వాత జాకీని యాక్సిల్ కింద పెట్టి దాని బరువును పట్టుకున్నారు. షాకు కింది బోల్టు, ఆపైన యు బోల్టుల నట్లు విప్పారు. తుప్పు పట్టినవాటికి ముందురోజు రాత్రే నూనె వేసి ఉంచితే ఇంత కష్టం ఉండేది కాదు! యాక్సిల్‌ను కొద్దికొద్దిగా కిందకు దించారు. ఇక్కడ మేస్త్రీ ఓ కన్ను వేసి ఉంచింది బ్రేకు రబ్బరు పైపు మీద. యాక్సిల్ ఎక్కువ దిగితే అది సాగి తెగుతుంది. కమాను పని చేయబోయి బ్రేకు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారట.

పాత కట్ట బయటికి వచ్చింది. మెయిన్ పట్టీ కింద రెండో పట్టీకి సన్నటి పగులు. చూసి ఇంటాయన నోరెళ్లబెట్టాడు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగింది దీని మీదనే!

"కాల్చి వంపు తిప్పిస్తే మళ్లీ పనికొస్తుందేమో?"

"వంపు వస్తాదప్పా, సత్తువ రాదు" అన్నాడు మేస్త్రీ. స్ప్రింగు ఉక్కుకు బలం వచ్చేది దాన్ని లెక్క ప్రకారం కాల్చి, చల్లార్చి, మళ్లీ వేడిచేయడం వల్ల. కొలిమిలో ఇష్టం వచ్చినట్టు కాలిస్తే ఆ గుణం పోతుంది. పగిలిన పట్టీకి వెల్డింగు అసలే కుదరదు.

కొత్త కట్టలో కన్నులకు రబ్బరు బుష్‌లు ఎక్కించాలి. ఇంటాయన గ్రీజు డబ్బా తీశాడు. మేస్త్రీ వద్దని, బకెట్లో సబ్బునీళ్లు తెమ్మన్నాడు. గ్రీజు, నూనె తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లయితే జారడానికి పనికొచ్చి ఆరిపోతాయి. కట్ట మధ్య బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూచుందో లేదో వేలు పెట్టి చూశారు. అది తప్పితే ఇరుసు ఓ పక్క ముందుకు, ఓ పక్క వెనక్కు పోతుంది. బండి పీతలా వంకరగా నడుస్తుంది. టైర్లు అరుగుతాయి. పాత యు బోల్టులను పక్కన పడేసి కొత్తవి వేశారు. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అంత గట్టిగా పట్టదు.

అసలు కిటుకు

బోల్టులన్నీ ఎక్కాయి. ఇంటాయన పెద్ద పానా అందుకున్నాడు, కన్నుల దగ్గరి బోల్టులు బిగించేద్దామని. మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"యు బోల్టులు బిగించు. నాలుగు మూలలూ కొంచెం కొంచెం, సమంగా. కన్నుల బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం ఇప్పుడొద్దు. వేలితో తిప్పి వదిలేయి."

"ఎందుకు?"

"ఇప్పుడు కమాను మీద బరువు లేదు కదప్పా."

ఎంతోమంది మెకానిక్కులు కూడా తొందరలో మరిచిపోయే సంగతి ఇదే. బండి గాల్లో ఉన్నప్పుడు కమాను వంపు ఎక్కువగా ఉంటుంది. బండి నేలకు దిగి బరువు పడితే వంపు తగ్గుతుంది. ఆ తగ్గేటప్పుడు కన్ను కొంచెం తిరుగుతుంది. లోపలి రబ్బరు బుష్‌ను గాల్లోనే బిగించేశామనుకోండి... బండి దిగగానే అది తడిగుడ్డ పిండినట్టు మెలిపడుతుంది. ఇక జీవితాంతం ఆ మెలిక మీదనే ఉంటుంది. ప్రయాణం బిర్రుగా ఉంటుంది. కొద్దికాలానికే రబ్బరు చీలిపోతుంది. 'కొత్త బుష్‌లు ఇట్టే పోయాయి, నాసిరకం సరుకు' అని దుకాణంవాణ్ని తిట్టుకుంటాం.

అందుకే చక్రాలు ఎక్కించి, స్టాండ్లు తీసి, బండిని నేల మీదకు దించారు. పిల్లలు ఇద్దరూ వెనక బంపరు మీద ఎక్కి దిగి నాలుగుసార్లు ఊపారు, కమాను తన చోటు తాను వెతుక్కోవడానికి. అప్పుడు పక్కనుంచి చెయ్యి పెట్టి కన్నుల బోల్టులు, షాకిల్ బోల్టులు చివరి బిగువు బిగించారు. ఎంత బిగువో కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. దాన్ని కొలిచే టార్క్ పానా మేస్త్రీ కొడుకు షెడ్డు నుంచి తెచ్చాడు. తర్వాత అమ్మాయి మళ్లీ టేపు పట్టింది. రెండు వైపులా సమానం!

ఇంకో పట్టీ వేద్దామా?

చేతులు కడుక్కుంటూ ఇంటాయన మనసులోని మాట బయటపెట్టాడు. "ఇంకో పట్టీ ఎక్కువ వేసుంటే మళ్లీ కూచోదు కదా మేస్త్రీ? జాతరకు బావమరిది వాళ్లనీ ఎక్కించుకోవచ్చు."

మేస్త్రీ వెంటనే మాట్లాడలేదు. చలికాలం వస్తే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి సుగ్గికని కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు కదులుతాయి. మూటలు, గిన్నెలు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ ఒకే బండిలో. అలాంటి బండ్లకు పట్టీలు పెంచి ఇచ్చిన చేతులవి.

"పట్టీ పెంచితే కమాను మోస్తాదప్పా. టైరు మోస్తాదా? బ్రేకు ఆపుతాదా? యాక్సిల్ ఓర్చుకుంటాదా? మనం బలం పెంచింది ఒక్కదానికే. మిగతావన్నీ పాతవే. కమాను కూచోవడం మంచిదే, అది మనకు చెప్పే మాట. దాని నోరు మూసేస్తే ఇంకోచోట పగులుతాది."

పైగా బండి ఖాళీగా ఉన్నప్పుడు గట్టి కమాను వంగదు. వెనక చక్రాలు గుంతల మీద ఎగురుతాయి. ఎగిరిన చక్రానికి బ్రేకు వేసినా పట్టు ఉండదు. ఆర్‌సీలో రాసిన సీట్లు ఎన్నో బండి మోసేది అంతమందినే.

ఇంట్లో చేయకూడనివి

కమాన్ కట్టలున్న బండి కాబట్టి ఈ పని ఇంటి ముందు జరిగింది. నేటి చిన్న కార్లలో ఎక్కువవాటికి వెనక కాయిల్ స్ప్రింగులే. వాటిలో కొన్నింటికి స్ప్రింగు, షాకు కలిసే ఉంటాయి. నొక్కిపట్టి ఉన్న ఆ స్ప్రింగును తీగలతోనో తాళ్లతోనో కట్టి విప్పబోతే బాణంలా దూసుకొస్తుంది. దానికి తగిన పనిముట్టు, తెలిసిన చెయ్యి ఉన్న షెడ్డుకే పోవాలి. అడుగు చట్రానికి తుప్పు పట్టి, కమాను తగిలించే చోటే పొరలు ఊడుతుంటే అప్పుడూ షెడ్డే. స్టాండ్లు లేకపోతే, తోడు ఇంకో మనిషి లేకపోతే పని మొదలుపెట్టకపోవడమే మేలు.

జాతర రోజు వ్యాను ఎమ్మిగనూరు చేరింది. గుంతల్లో 'దబ్' లేదు. అత్తగారింటి ముందు ఆగగానే ఇంటాయన మొదట చేసిన పని పానా తీసి యు బోల్టులు మళ్లీ సరిచూడడం. కొత్త కట్ట కొంతదూరం నడిచాక పట్టీలు సర్దుకుంటాయి, బోల్టులు కాస్త వదులవుతాయి. మేస్త్రీ మరీమరీ చెప్పి పంపాడు. రెండు నట్లు నిజంగానే పావుచుట్టు తిరిగాయి.

మామగారు నేత మనిషి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘంలో ఆయన తండ్రి కాలం నుంచీ సభ్యులు. బరువు మీద బిగించిన కథంతా విని నవ్వాడు.

"పడుగు బిగువూ అంతే అల్లుడూ. మగ్గం మీద ఎక్కించినాకనే సరిచేసుకుంటాం."

సాయంత్రం రథం చూడ్డానికి బావమరిది కుటుంబం కూడా వచ్చి వ్యాను చుట్టూ చేరింది. అందరూ కలిపి పదకొండు మంది. "సర్దుకుందాం బావా, కొత్త కమాన్లు కదా!" అన్నాడు బావమరిది.

ఇంటాయన డ్రైవరు సీట్లో కూచుని తాళంచెవి తిప్పాడు.

"రెండు ట్రిప్పులు వేస్తాను. ముందు అత్తయ్యను, పిల్లల్ని ఎక్కించు."